పాఠమునకు పటము

పొలమునకు గట్టు కలదు. ఇంటికి గోడ కలదు. కవి వ్రాసిన పద్యమునకును, చిత్రకారుడు గీసిన బొమ్మకును, ఛాయాగ్రాహకుడు తీసిన పటమునకును గట్టును గోడయు లేవు. అందుచేత వానిని ఎవరైనను తీసికొనవచ్చునని పెక్కురు తలతురు. అంతర్జాలమున కనబడినదెల్ల అందరి సొత్తే యనుకొందురు. ఇది సరికాదు.

మన దేశమున గ్రంథస్వామ్య శాసనము 1957లో ఏర్పడి, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి రచన చేసినవానికి హక్కు తనంతట తానే కలుగును. ఎచ్చటను నమోదు చేయింప నక్కరలేదు. ఆ హక్కు రచయిత జీవితకాలమును, అటుపిమ్మట అరువది యేండ్లును నిలుచును. 2012 నాటి సవరణతో ఛాయాచిత్రములకును ఇట్టి గడువే ఏర్పడినది. శ్రీకాకుళము జిల్లాలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో గతించిరి. వారు జీవించియుండగా ప్రకటించిన రచనలు ఇపుడు లోకులందరి సొత్తు. నిన్న ఎవరో ఉద్దానమున తీసిన కొబ్బరితోట పటము అట్టిది కాదు.

కంచిలిలో ఒక ఉపాధ్యాయుడు తిత్లీ తుపానును గూర్చి పాఠము సిద్ధపరచె ననుకొందము. 2018 అక్టోబరు 11న పలాస చేరువను తీరము దాటిన ఆ తుపాను ఉద్దానపు కొబ్బరిచెట్లను నేలగూల్చినది. ఆ దృశ్యము లేక పాఠము రక్తికట్టదు. ఎవరో తీసిన పటమును తరగతిలో చూపి బోధించుటకు శాసనమే మినహాయింపు నిచ్చినది. కాని అదే పాఠమును లోకమునకెల్ల ఉచితముగా పంచినపుడు ఆ మినహాయింపు చాలునని చెప్పజాలము. ఇచ్ఛాపురమున ఒకరు దానిని ఒడియాలోనికి అనువదింప గోరుదురు. వేరొకరు అచ్చువేయ దలతురు. అనుమతి లేని పట మొక్కటి యున్నచో వారెల్లరు వెనుకాడవలసినదే. కడివెడు పాలలో విషపుచుక్క వంటిదది.

ఈ చిక్కు తీర్చుటకే స్వేచ్ఛా విద్యావనరులను భావము పుట్టినది. 2002లో యునెస్కో సభ దానికి పేరు పెట్టినది. ఆ యేడే క్రియేటివ్ కామన్స్ వారి అనుమతిపత్రములును వెలువడినవి. మన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2013లో ఇట్టి వనరుల భాండాగారము నెలకొల్పినది. ఈ పత్రములలో కర్త తన మాట ముందుగనే చెప్పును. ఒకరు "నా పేరు చెప్పి వాడుకొనుడు" అందురు. ఒకరు "మీరు మార్చినదానిని మీరును ఇట్లే పంచుడు" అందురు. ఒకరు వ్యాపారము వలదందురు. మరొకరు మార్పు వలదందురు. మార్పు వలదన్న పాఠమును అనువదించి పంచుట కుదరదు గదా! కావున ఏ షరతు కలదో చదివియే తీసికొనవలయును.

ఇది మనకు క్రొత్త యేమియు కాదు. శ్రీముఖలింగమున గాంగరాజుల కాలపు శాసనములు కలవు. దాత పేరు, దానమిచ్చినది, అఖండదీపము వంటి దాని ప్రయోజనము అందు చెక్కబడినవి. దానము పొందినవాడు దాత పేరు చెరుపరాదు.

"బడిపిల్లలకై చేయు పనికి ఇన్ని కట్టుబాట్లేల?" అని కొంద రడుగుదురు. మంచి యుద్దేశము పరుల హక్కును మనది చేయదు. పటము తీసి బ్రదుకువాని కష్టమును అడుగక వాడుకొని, పిల్లలకు నీతి బోధించుట తగునా?

మరియొక మాట. పటము తీసినవాని యనుమతి వేరు. పటములో నున్నవాని సమ్మతి వేరు. ఉద్దానమున మూత్రపిండ వ్యాధితో బాధపడువారి ముఖములను పాఠమున చూపునపుడు వారి గౌరవమును తలపవలయును. ఏ అనుమతిపత్రమును ఆ బాధ్యతను మననుండి తొలగింపదు.

విద్యార్థులారా! అన్నిటికంటె మేలైన మార్గ మొకటి కలదు. తేలినీలాపురపు చింతచెట్లపై వ్రాలు పెలికాన్ పక్షులను, జీడిమామిడి పూతను, మీ తీరపు పడవలను మీరే గీయుడు, మీరే పటములు తీయుడు. అవి మీ సొత్తు. పెద్దల నడిగి వానిని మీ పేరుతో అందరికిని పంచుడు. పరుల పటము వాడునపుడు దాని పేరు, కర్త, దొరికిన చోటు, అనుమతి, ఈ నాలుగును క్రింద వ్రాయుడు. అడిగి తీసికొనుట మర్యాద. పేరు చెప్పుట కృతజ్ఞత. తనది పదుగురకు పంచుట విద్యకు తగిన దానము.