హార్డు డిస్కునకు మాఱు ప్రతి

పూర్వము భోషాణమున దాచుకొనిన వానిలో బంగారము తప్ప తక్కినవన్నియు, అనగా దస్తావేజుల నకళ్లు, జాతకములు, పెండ్లి ఛాయాచిత్రములు, ఇంటి పద్దులు, నేడు కంప్యూటరులోని హార్డు డిస్కునందు చేరియున్నవి. ఆ డిస్కు అరచేతిలో నిముడు చిన్న పెట్టె. దాని లోపలి పళ్లెములు నిమిషమునకు 5,400 మొదలు 7,200 పర్యాయముల వఱకు తిరుగుచుండ, వానిపై సన్నని ముల్లు వంటి దొకటి తగులకయే సంచరించుచు వ్రాయుచు చదువుచు నుండును. క్రొత్త యంత్రములలో దీనికి బదులు కదలిక లేని ఎస్.ఎస్.డి. పలక లుండును. ఏదియైనను ఒకనాటికి చెడునదే. ముందుగా చెప్పి చెడునను నమ్మకము లేదు.

కావలసిన దస్త్రములను అప్పుడప్పుడు పెన్ డ్రైవులోనికి దింపుకొనుట మనలో పెక్కు మంది యెఱిగినదే. అది మంచి యలవాటు. కాని డిస్కు చెడిననాడు దస్త్రములు మాత్రమే మిగులును. విండోసు, పద్దుల ప్రోగ్రాము, తెలుగు కీబోర్డు, ప్రింటరు అమరిక, అన్నియు మొదటినుండి చేసికొనవలయును. అట్లుగాక డిస్కు నంతటిని ఉన్నదున్నట్లు మఱియొక డిస్కునకు దింపుట వేఱొక విధము. దీనిని క్లోను చేయుట యందురు. చెడిన డిస్కు స్థానమున ఈ రెండవదానిని బిగించి మీట నొక్కినచో కంప్యూటరు ఏమియు జరుగనట్లే మేలుకొనును. ఇట్లు మేలుకొనుటకే బూటగుట యని పేరు. మీట నొక్కగానే యంత్రము డిస్కులో నొక నిర్ణీత భాగమున నుండు చిన్న ప్రోగ్రామును వెదకికొనును. మనము చేతితో దస్త్రములను నకలు తీసినప్పుడు ఆ భాగము రాదు. ఇల్లు మాఱునప్పుడు సామాను బండి కెక్కింతుము గాని పునాది నెక్కింపలేము కదా!

ఈ పనికై వెలపెట్టి కొనవలసిన సాఫ్టువేరులు పెక్కు గలవు. వానిని కొనవలసిన యవసరము గృహస్థులకు లేదని మా యభిప్రాయము. తైవాను దేశపు జాతీయ కంప్యూటింగు కేంద్రమువారు తయారుచేసిన క్లోన్‌జిల్లా యనునది యీ పనిని చక్కగా చేయును. ఒక పాఠశాలలోని కంప్యూటరు లన్నిటికిని ఒకేమాఱు ప్రతులు దింపుటకు దానిలో వేఱొక రూపము గలదు. 5.6 గిగాబైట్ల ప్రతిని 41 కంప్యూటర్లకు ఒక్కసారిగా సుమారు పది నిమిషములలో దింపిరని దానిని తయారుచేసినవారే ప్రకటించియున్నారు.

ఇది వెల లేనిది మాత్రమే కాదు. దాని లోపలి వ్రాతను ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పొరుగువారికి పంచవచ్చును. 1983లో రిచర్డు స్టాల్‌మన్ అను అమెరికా దేశస్థుడు ఆరంభించిన యుద్యమము యొక్క ఫలమిది. ఇంగ్లీషున ఫ్రీ యను మాటకు ఉచితమనియు స్వేచ్ఛ యనియు రెండర్థము లుండుటచే వారు నేటికిని వివరణ లిచ్చుకొనుచునే యున్నారు. మన కా చిక్కు లేదు. హైదరాబాదున ఈ యుద్యమమును నడపుచున్న సంస్థ తనకు స్వేచ్ఛ యనియే పేరు పెట్టుకొనినది.

ఇక పని చేయు విధము. క్లోన్‌జిల్లాను దింపుకొని, రూఫస్ వంటి మఱొక స్వేచ్ఛా సాఫ్టువేరుతో ఖాళీ పెన్ డ్రైవుపై నెక్కింపవలయును. పాత డిస్కుతో సమానమైనదో అంతకు పెద్దదో యగు క్రొత్త డిస్కును కంప్యూటరునకు తగిలింపవలయును. విండోసును మూయునప్పుడు షిఫ్టు మీటను పట్టుకొని మూసినచో అది పూర్తిగా నిద్రించును. లేనిచో సగము మెలకువలో నుండి నకలునకు అడ్డుపడును. పిమ్మట పెన్ డ్రైవుతో యంత్రమును మేలుకొలిపి, అది యడుగు ప్రశ్నలకు జవాబు లీయవలయును. అక్షరములతో నిండిన తెరను చూచి జంకువారికి రెస్క్యూజిల్లా గలదు. అది మౌసుతో నడచును.

ఆ ప్రశ్నలలో ఒక్కదానియొద్ద మాత్రము తొందర పనికిరాదు. ఏ డిస్కునుండి ఏ డిస్కునకు అని యడిగినప్పుడు తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేయును. తెరపై డిస్కులకు ఎస్.డి.ఏ., ఎస్.డి.బీ. యను పొడి పేరు లుండును. వానిని నమ్మక, ప్రక్కనే కనబడు తయారీదారు పేరును, పరిమాణమును డిస్కుపై నంటించిన చీటీతో సరిచూచుకొనవలయును. రెండును ఒకే పరిమాణము గలవి కాకుండ కొనుట మఱింత మేలు. పొయ్యిమీద పాలు పెట్టి ఈ పనికి కూర్చుండవలదు.

బిట్‌లాకరు తాళము వేసిన కంప్యూటరైనచో దాని 48 అంకెల తాళపు సంఖ్యను ముందే కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుకొనుడు. క్రొత్త డిస్కుతో మేలుకొనునప్పుడు అది యడుగవచ్చును. పని ముగిసిన పిమ్మట రెండు డిస్కులను కలిపి యుంచి విండోసును తెఱవరాదు. రెండును ఒకే గుర్తింపు గలవగుటచే యంత్రము తికమకపడును. ఆపిల్ వారి క్రొత్త యంత్రములలో లోపలి డిస్కు పూర్తిగా చెడినచో వెలుపలి డిస్కునుండి బూటు చేయుట సాధ్యము కాదు గనుక వారికి దస్త్రముల నకలే శరణ్యము.

నకలు తీసితిమని తృప్తిపడి యూరకుండుట పనికిరాదనుటకు ఒక యుదాహరణము. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ రెండవ చిత్రమును తయారుచేయుచుండగా ఎవరో యిచ్చిన యొక్క తప్పు ఆజ్ఞచే చిత్రములో చాల భాగము చెరిగిపోయినది. నకళ్లకై చూడగా ఆ యేర్పాటు కొంతకాలముగా సరిగా పనిచేయుట లేదని యప్పుడు తెలిసినది. సాంకేతిక దర్శకురాలగు గేలిన్ సస్‌మన్ చంటిబిడ్డ తల్లి యగుటచే ఇంటివద్ద పనిచేసికొనుటకై చిత్రపు ప్రతి నొకదానిని ఇంటి కంప్యూటరులో నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా తెచ్చిరి. 1999లో చిత్రము విడుదలైనది. అంత పెద్ద సంస్థ నకళ్లను పరీక్షింపకపోగా ఒక తల్లి యింటి ప్రతి పనికివచ్చినది!

విత్తనపు వడ్లను చల్లుటకు ముందు గుప్పెడు మొలక కట్టి చూతురు. అట్లే క్రొత్త డిస్కును ఒకసారి యంత్రములో బిగించి మేలుకొనుచున్నదో లేదో చూడవలయును. విండోసు డిస్కును యూ.ఎస్.బీ. తీగతో వెలుపలినుండి తగిలించినచో మేలుకొనకపోవచ్చును. లోపల బిగించియే చూడుడు. మరలు విప్పుట చేతకానివారు పనివానిని ఇంటికి పిలిపించి కన్నులయెదుట చేయించుకొనవచ్చును. సరిగా నున్నచో తీసి, వేఱొక గదిలోనో పుట్టింటనో భద్రపఱచి, మూడు నెలల కొకసారి మరల నకలు తీయుడు.

తుదకు ఒక సోదరి లేఖకు ప్రత్యుత్తరము. బాగుచేయుటకిచ్చిన కంప్యూటరులో డిస్కును తుడిచి విండోసును క్రొత్తగా నెక్కించిరనియు, కాలముచేసిన అత్తగారి మంగళహారతులు అందుండెననియు, నకలు లేదనియు ఆమె వ్రాసినది. అమ్మా, ఆ కంప్యూటరును వెంటనే ఆపివేయుము. దానిపై నెంత వ్రాసిన అంత నష్టము. ఫొటోరెక్ అను స్వేచ్ఛా సాఫ్టువేరును పెన్ డ్రైవునుండి నడిపి, దొరికినవానిని వేఱొక డిస్కునకు దింపుకొనవలయును. తిరుగు పళ్లెముల డిస్కైనచో ఆశ కలదు. ఎస్.ఎస్.డి. యైనచో చాల తక్కువ. దస్త్రముల పూర్వపు పేర్లు తిరిగి రావు, అంకెలతో వచ్చును. వానిలో అత్తగారి హారతి ఏదియో ఒక్కొక్కటిగా విని తెలిసికొనవలసియుండును.