షట్టర్ దించిన గదిలో టిఫిన్ బండి: సిలిండర్ మాత్రం బయటే ఎందుకు ఉండాలి?

చీడికాడ, మాడుగుల, చోడవరం.. ఏ సెంటర్‌లో చూసినా తెల్లవారేసరికి టిఫిన్ బండి మీద పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పగలంతా అందరి కళ్ల ముందు ఉండే ఆ బండి రాత్రి ఎక్కడ ఉంటుందో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. చాలాచోట్ల దాన్ని అద్దె షట్టర్‌లోకి నెట్టి తాళం వేస్తారు. పైపు, రెగ్యులేటర్ బిగించిన సిలిండర్ కూడా బండితోపాటే లోపలికి వెళ్తుంది. పక్కన పిండి, పాలు పెట్టుకునే ఫ్రిజ్. కొన్నిచోట్ల వెనక గదిలోనే కుటుంబం నిద్ర.

సిలిండర్‌ను బయట వదిలితే పొద్దునకు ఉండదేమోనన్న భయం యజమానిది. అది కాదనలేని భయమే. వేల రూపాయల సరుకు, పైగా డిపాజిట్. అందుకే 'లోపల పెట్టొద్దు' అని చెప్పి ఊరుకుంటే ఎవరూ వినరు. లోపల పెడితే ఏమవుతుందో లెక్క చూద్దాం.

గ్యాస్ నేలనే పట్టుకుంటుంది

ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు. లీకైతే పైకి లేచి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. షట్టర్ గదిలో వెంటిలేటర్ ఉన్నా అది సాధారణంగా పైన, సీలింగ్ దగ్గర ఉంటుంది. కింద పేరుకున్న గ్యాస్‌కు దాంతో పెద్ద ఉపయోగం లేదు.

గాలిలో ఎల్పీజీ సుమారు 2 శాతానికి చేరితే నిప్పు తగిలిన వెంటనే అంటుకుంటుంది. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది అనుకోండి. గదంతా ఆ స్థాయికి రావాలంటే దాదాపు 2 కిలోల గ్యాస్ కావాలి. కానీ గ్యాస్ గదంతా సమంగా సర్దుకోదు కదా. నేల నుంచి అడుగు ఎత్తు వరకే లెక్కేస్తే సుమారు 200 గ్రాములు చాలు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో అది నూటికి ఒక వంతు. పగిలిన రబ్బరు పైపు నుంచో, సరిగ్గా కూర్చోని రెగ్యులేటర్ నుంచో ఒక రాత్రిలో అంత గ్యాస్ పోవడం పెద్ద విషయమేమీ కాదు.

అంటుకోవడానికి అగ్గిపుల్లే అక్కర్లేదు. ఫ్రిజ్ ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే చిన్న స్పార్క్ చాలు. పొద్దున్నే షట్టర్ ఎత్తి లైట్ స్విచ్ వేసినా చాలు.

వాసన వస్తుంది కదా అనొచ్చు. ఎల్పీజీకి సహజంగా వాసన ఉండదు, లీకు తెలియడానికే మెర్కాప్టాన్ కలుపుతారు. అయితే తాళం వేసిన గదిలో వాసన చూసేదెవరు? వెనక గదిలో నిద్రపోతున్నవాళ్లు వాసనకు మేలుకుంటారన్న నమ్మకమూ లేదు.

గ్యాస్ మేఘం నేలబారుగా కదులుతుందన్న సంగతి విశాఖకు కొత్త కాదు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్పీజీ అలాగే వ్యాపించి అంటుకుంది. దాదాపు 60 మంది చనిపోయారు. షట్టర్ గదిని రిఫైనరీతో పోల్చలేం కానీ గ్యాస్ స్వభావం రెండుచోట్లా ఒకటే.

లీకు లేకపోయినా ముప్పే

తెల్లవారుజామున నాలుగింటికి సాంబారు, చట్నీ పనులు మొదలవుతాయి. చలికాలంలో, గాలికి మంట ఆరిపోకుండా, షట్టర్‌ను సగానికి పైగా దించి పొయ్యి వెలిగించే అలవాటు ఉంది. ఇది రెండో ముప్పు. మూసిన చోట మంటకు సరిపడా ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడంతో మొదలై స్పృహ తప్పిస్తుంది. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ వల్ల జరిగే మరణాలకు కారణం ఇదే. మంట నీలంగా కాకుండా పసుపుగా ఉన్నా, గిన్నె అడుగున మసి పట్టినా గ్యాస్ సరిగా కాలడం లేదనే అర్థం.

అమెరికాలో ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, కొనుక్కున్న మనవాళ్లకు కూడా ఇదే పాఠం వర్తిస్తుంది. అందులోని ప్రొపేన్ ఫ్రిజ్ కంప్రెసర్‌తో కాదు, వెనక చిన్న మంటతో నడుస్తుంది. ఆ మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడిచేస్తే లోపల చల్లబడుతుంది. దాని పొగ బండి బయటికి పోయేలా తయారుచేస్తారు. బండినే గ్యారేజీలో పెట్టి తలుపు మూస్తే ఆ 'బయట' గ్యారేజీయే అవుతుంది. లోపల ఉన్నప్పుడు ఫ్రిజ్‌ను కరెంటు మీద నడిపి, ప్రొపేన్ ట్యాంకు వాల్వ్ కట్టేయాలి.

మరి దొంగల సంగతి?

గది బయట, గోడకు ఆనించి ఇనుప జాలీ పెట్టె బిగించి తాళం వేయడం నాకు తెలిసి తేలికైన దారి. గాలి ఆడుతుంది, సిలిండర్ పోదు. వెల్డింగ్ షాపులో చేయిస్తారు. పెట్టె కాలువకు, సెల్లార్ మెట్లకు, వెనక గది కిటికీకి దూరంగా ఉండాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఖాళీ సిలిండర్‌లోనూ కొంత గ్యాస్ ఉంటుంది కాబట్టి దానికీ ఇదే పద్ధతి.

రాత్రి పొయ్యి నాబ్ తిప్పేస్తే సరిపోదు, సిలిండర్ దగ్గరే కట్టాలి. అప్పుడు పైపులో లీకున్నా నష్టం తక్కువ. గది యజమాని ఒప్పుకుంటే నేలకు ఆనుకుని గోడకు ఎదురెదురుగా రెండు జాలీలు పెట్టించుకోవడం ఇంకా మంచిది. పొద్దున్నే షట్టర్ ఎత్తేవారు ఫోన్ టార్చ్‌ను రోడ్డు మీదే వెలిగించుకుని, వాసన లేదనుకున్నాకే లోపలి స్విచ్ వేయాలి. వాసన ఉంటే ఏ స్విచ్చూ వేయొద్దు, ఆర్పొద్దు. వెనక గదిలోవాళ్లను బయటికి పిలిచి, దూరంగా వచ్చి 1906కు ఫోన్ చేయాలి. అది 24 గంటలూ పనిచేసే గ్యాస్ లీకేజీ నంబర్. మంట ఉంటే 101.

ఎవరు చూడాలి?

ఇక్కడే అసలు ఖాళీ ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ సంస్థలకే వర్తిస్తుంది, చీడికాడలాంటి పంచాయతీకి కాదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తిండి శుభ్రతను చూస్తుంది. 100 కిలోల లోపు ఎల్పీజీ నిల్వకు గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. రాత్రి బండి ఎక్కడ పడుకుంటుందని అడిగే అధికారి ఎవరూ లేరు. కనీసం డిస్ట్రిబ్యూటర్ డెలివరీ సమయంలో చూసి చెప్పొచ్చు.

బీమా దగ్గర ఇది బయటపడుతుంది. ఆయిల్ కంపెనీల పాలసీలో గ్యాస్ ప్రమాదంలో మరణిస్తే ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల వరకు ఉంది. ఆస్తి నష్టానికి ఇచ్చే 2 లక్షలు మాత్రం కనెక్షన్ నమోదైన చిరునామాలో ప్రమాదం జరిగితేనే. ఇంటి ఎర్ర సిలిండర్‌ను బండికి వాడితే 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం అది ఉల్లంఘన. చిరునామా కూడా ఇంటిదే. కమర్షియల్ కనెక్షన్ ఉన్నవారు షట్టర్ మారినప్పుడల్లా డిస్ట్రిబ్యూటర్ దగ్గర చిరునామా మార్పించుకుని, రసీదు దగ్గర పెట్టుకోవాలి.