పెద్ద కార్బురేటర్ వేస్తే బండి కొండెక్కుతుందా?

అమెరికాలో పాత ఆఫ్‌రోడ్ ట్రక్కుల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరితే ఒక సలహా మాత్రం ఉచితం: "750 సీఎఫ్ఎం కార్బురేటర్ పడెయ్, దుమ్ము లేచిపోద్ది!" దుమ్ము లేవదు బాబూ, ఇంజిన్ ఆగిపోద్ది. అదీ కొండ సగం ఎక్కాక.

ఇంజినీర్లం కదా, ముందు లెక్క చూద్దాం. షెవర్లే 350 వీ8నే తీసుకోండి. 350 అంటే సిలిండర్ల మొత్తం పరిమాణం, ఘనపు అంగుళాల్లో. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి అంత గాలి పీలుస్తుంది. ఘనపుటడుగుకి 1728 ఘనపు అంగుళాలు, దానికి రెట్టింపు 3456. 350ని 5000 ఆర్పీఎంతో గుణించి 3456తో భాగిస్తే 506. మామూలు ఇంజిన్ సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే నిమిషానికి 430 ఘనపుటడుగులు. అంతే! రాళ్ళ మీద పాకేటప్పుడు, 1500 ఆర్పీఎం దగ్గర, పెడల్ పూర్తిగా తొక్కినా 130 దాటదు. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?

"ఎక్కువుంటే నష్టమేంటి, వాడుకోం, అంతేగా?" అంటారు. ఇది సర్వర్లు కొని కొని వచ్చిన అలవాటు. సర్వర్లో మిగిలిన ర్యామ్ ఊరికే పడుంటుంది. ఇక్కడ అలా కాదు. సన్నటి గొంతులోంచి గాలి వేగంగా పోతేనే అక్కడ ఒత్తిడి తగ్గి, పెట్రోలు తుంపరలా లేస్తుంది. గొంతు పెద్దదైతే గాలి నెమ్మదిస్తుంది, పెట్రోలు సరిగా లేవదు. కాలు వేయగానే బండి తడబడి ఆగిపోతుంది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగూ పోయినట్టే, బ్రేకుకున్న వాక్యూమ్ సాయం కొన్ని తొక్కుళ్ళకే అయిపోతుంది. ఏటవాలులో వెనక్కి జారే రెండు టన్నుల ఇనుములో కూర్చుంది మీరు.

"మరి జీఎం వాడే 350కి 750 సీఎఫ్ఎం క్వాడ్రాజెట్ ఇచ్చాడుగా!" ఇచ్చాడు. కానీ దాని ముందు గొంతులు రెండూ చిన్నవి, నెమ్మదిగా నడిచేటప్పుడు పనిచేసేవి అవే. వెనక పెద్ద గొంతుల మీదున్న ఎయిర్ వాల్వ్ ఇంజిన్ అడిగినంతే తెరుచుకుంటుంది. కాలు తొక్కితే చాలు తెరుచుకునే మెకానికల్ సెకండరీల 750తో దానికి పోలికేంటసలు?

డబ్బా మీది అంకెనీ గుడ్డిగా నమ్మకండి. నాలుగు గొంతులవాటిని 1.5 అంగుళాల పాదరసం ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తారు, రెండు గొంతులవాటిని 3 అంగుళాల దగ్గర. అంటే 500 అని రాసున్న రెండు గొంతులది, నాలుగు గొంతుల కొలతలో దాదాపు 354 మాత్రమే. వేర్వేరు హార్డ్‌వేర్ మీద తీసిన బెంచ్‌మార్కులు పక్కపక్కన పెడితే ఆఫీసులో ఊరుకుంటామా?

ఆ 350కి వాక్యూమ్ సెకండరీలున్న 600 లోపుది చాలు. రేసులో గెలిచేవాడి సలహా రేసులో పనికొస్తుంది. మీరు ఎక్కాల్సింది కొండ.