పేట నుంచి – 31: పేరొక్కటే, జబ్బులు వేరు



పోయిన భాగం శ్మశానం భూమి గురించి. ఈ భాగం షుగర్ గురించి. "షుగర్‌కీ కులానికీ సంబంధమేంటన్నా" అని మన కుర్రోళ్లే అడుగుతారని తెలుసు. సంబంధం ఉంది. నిదానంగా చెబుతాను.

పిఠాపురంలో ఏ టీకొట్టు దగ్గరైనా నిలబడి షుగర్ ఎందుకొస్తుందని అడగండి. తీపి ఎక్కువ తింటే వస్తుందంటారు. తిని కూర్చుంటే వస్తుందంటారు. డబ్బున్నోళ్ల జబ్బంటారు. మూడు మాటల్లోనూ ఉన్న అర్థం ఒక్కటే: వచ్చినవాడు ఏదో చేసుకున్నాడు కాబట్టే వచ్చింది. పెళ్లి పంక్తిలో కాజా వద్దన్నవాణ్ణి చూసి "ఇన్నాళ్లూ బాగా లాగించావు కదరా" అని నవ్వుతారు. నవ్వి ఊరుకుంటే ఇంత రాయక్కర్లేదు. ఆ మాటలు ప్రాణాల మీదకి తెస్తున్నాయి.

ముందు అసలు సంగతి. షుగర్ అనేది జ్వరం లాంటి మాట. ఒళ్లు కాలితే జ్వరం అంటాం. అది మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, డెంగీ కావచ్చు. మలేరియా మాత్ర మింగి టైఫాయిడ్ తగ్గమంటే తగ్గదు. అలాగే రక్తంలో గ్లూకోజు పెరిగితే షుగర్ అంటున్నాం. అది ఎందుకు పెరిగిందన్నది అందరిలో ఒకటి కాదు.

మనం ఎక్కువగా చూసేది టైప్ 2. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతుంది కానీ ఒళ్లు దాని మాట సరిగా వినదు. పోనుపోను తయారీ కూడా తగ్గుతుంది. వయసు మీదపడినవాళ్లలో, వంశంలో ఉన్నవాళ్లలో, బరువు పెరిగినవాళ్లలో ఎక్కువ. మాత్రలు, తిండి జాగ్రత్త, నడకతో చాలామందికి అదుపులో ఉంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. అందులో అత్యధికులు టైప్ 2 వాళ్లే. అందుకే టీవీలో డాక్టరు చెప్పినా, వాట్సాప్‌లో మావయ్య పంపినా అంతా టైప్ 2 గురించే ఉంటుంది.

టైప్ 1 వేరే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. ఏ వయసులోనైనా రావచ్చు కానీ పిల్లల్లో, కుర్రవయసులో ఎక్కువగా బయటపడుతుంది. పిల్ల చాక్లెట్లు తిన్నందుకు రాదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకూ రాదు. ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే, బతికినంత కాలం. దానికి బదులుగా మాత్రలు పనిచేయవు. కాకర రసం, మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు ఏవీ పనిచేయవు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మాకు దగ్గర్లోని ఒక పేటలో చూశాను. పదకొండేళ్ల పాప. రెండు మూడు వారాల్లో చిక్కి సగమైంది. బిందెడు నీళ్లు తాగుతోంది, రాత్రి పక్క తడుపుతోంది. మూత్రం పోసినచోట చీమలు చేరుతున్నాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస. కాకినాడ తీసుకెళ్లేసరికి స్పృహ లేదు. ఇన్సులిన్‌తో బతికింది.

ఇంటికొచ్చాక సలహాలు మొదలయ్యాయి. "ఇంత చిన్నదానికి సూదులేంటే, అలవాటైపోద్ది" అని మేనత్త. "ఆకు పసరు నలభై రోజులు పట్టించండి, కుదుర్తుంది" అని ఇంకొకాయన. "రేపు పెళ్లెలా అవుద్ది, ఎవరికీ చెప్పకండి" అని అందరూ. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి తెలిసిన షుగర్ పక్కింటి తాతకున్న టైప్ 2. ఆయన నాలుగు రోజులు మాత్ర మానేసినా లేచి తిరుగుతాడు. పాపకి నాలుగు రోజులు సూది మానేస్తే మళ్లీ కాకినాడ పరుగెత్తాల్సి వచ్చింది.

కొన్నేళ్ల కిందట కోస్తా అంతా కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ ఊపేసింది గుర్తుందా? మందులు మానేయొచ్చన్న ఆశతో ఎంతమంది దాని వెంట పడ్డారో. టైప్ 1 ఉన్నవాళ్లు ఆ మాట నమ్మి సూది ఆపితే చావే. మన పేటల్లో స్వస్థత కూటాలు కూడా జరుగుతాయి. ప్రార్థన చేసుకోండి, కాదనను. సూది వేసుకుని ప్రార్థన చేసుకోండి.

ఆ పాపని చేర్చుకోమని ఒక హాస్టల్‌కి వెళ్తే "మిగతా పిల్లలకి అంటుకుంటే జవాబు ఎవరు చెప్తారు" అన్నారు. షుగర్ ఏ రకమైనా అంటుకోదు. కానీ ఆ మాట వాళ్ల నోటికి ఎంత సులువుగా వచ్చిందో చూడండి. కంచం వేరు, గ్లాసు వేరు, మంచం వేరు. మనకి ఇదేం కొత్త?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇన్సులిన్ వేసుకున్న పిల్ల వేళకి తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం, తర్వాత ఫిట్స్. అప్పుడు తెలివిలో ఉండగానే నోట్లో వెంటనే చక్కెర పెట్టాలి. "షుగర్ పిల్లకి తీపేంటి" అని చేతిలోంచి బెల్లం ముక్క లాక్కునే టీచర్‌కి ఇది తెలియాలి. టైప్ 1 పిల్లలు పరీక్ష హాల్లోకి తినే పదార్థాలు తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. మన సర్కారు బడుల్లో ఎంతమంది టీచర్లు ఆ ముక్క విన్నారు?

ఇక డబ్బున్నోళ్ల జబ్బు అన్న మాట సంగతి.

ఏలేరు ఆయకట్టులో నాట్లేసే, కోతలు కోసే మనుషుల్ని చూడండి. చర్మం కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. అలాంటివాడికి షుగర్ ఉందంటే ఎవరూ నమ్మరు. చిక్కిపోతుంటే తాగుడన్నారు, టీబీ అన్నారు. షుగర్ ఉన్నవాళ్లకి టీబీ ముప్పు కూడా ఎక్కువేనని చెప్పినవాళ్లు లేరు. చివరికి షుగర్ అని తేలితే రాసిచ్చే సలహా ఏంటి? బరువు తగ్గు, అన్నం తగ్గించు. తగ్గించడానికి ఆ కంచంలో ఏముంది?

ఈ బక్కమనుషుల షుగర్‌కి పెద్ద చరిత్రే ఉంది. టైప్ 1కీ టైప్ 2కీ సరిపోలని షుగర్ ఒకటుందని 1955లో జమైకాలో ఒక డాక్టరు రాశాడు. తర్వాత మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ డాక్టర్లు అలాంటివాళ్లను చూశారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పోషకాహార లోపంతో వచ్చే డయాబెటిస్ అని ఒక రకంగా గుర్తించింది. 1999లో ఆధారాలు చాలవని జాబితా నుంచి తీసేసింది. జబ్బు పోలేదు, పేరే పోయింది. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు, న్యూయార్క్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల పరిశోధకులు కలిసి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆకలితో పెరిగిన ఈ మనుషుల ఒంట్లో ఇన్సులిన్ బాగా తక్కువగా తయారవుతోందని, టైప్ 2లో లాగా ఒళ్లు దాన్ని ఎదిరించడం లేదని తేల్చారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ప్రపంచంలో రెండు, రెండున్నర కోట్ల మందికి ఉండొచ్చని అంచనా. ఎక్కువమంది ఆసియా, ఆఫ్రికాల్లోనే. శాస్త్రజ్ఞుల్లో దీనిమీద వాదన ఇంకా ఉంది, ఉండనివ్వండి. కానీ ఆకలి కూడా షుగర్ తేగలదని ఒక ప్రపంచ సంస్థ ఒప్పుకోవడం మనకి చిన్న సంగతి కాదు. పేరు లేకపోతే లెక్క ఉండదు. లెక్క లేకపోతే బడ్జెట్ ఉండదు. ఈ సూత్రం కులగణన అడుగుతున్నవాళ్లకి కొత్తగా చెప్పాలా?

షుగర్ వస్తే సిగ్గుపడి దాచేవాళ్లకి ఒక మాట. ప్రతి పేట మొదట్లో విగ్రహమై నిలబడ్డ బాబాసాహెబ్‌కి షుగర్ ఉండేది. 1948లో ఆయన పెళ్లాడిన సవితమ్మ డాక్టరే. ఒంట్లో ఆ జబ్బు పెట్టుకునే రాజ్యాంగ సభలో వాదించాడు, లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. ఆయన దేనికి సిగ్గుపడాలి? మనం దేనికి సిగ్గుపడాలి?

ఇన్సులిన్ మొదటిసారి ఒక మనిషికి ఎక్కించింది 1922 జనవరిలో, టొరంటోలో. ఆ రోగి పద్నాలుగేళ్ల కుర్రాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకి చావు ఒక్కటే దారి. దాన్ని కనిపెట్టినవాళ్లు పేటెంటు హక్కుని తలా ఒక్క డాలరుకి యూనివర్సిటీకి ఇచ్చేశారు, మందు అందరికీ అందాలని. వందేళ్లు దాటాక కూడా కూలి డబ్బుల్లోంచి ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు కొనుక్కోమంటే ఆ పిల్లలు ఎంతకాలం బతుకుతారు?

అందుకే మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగర్ పుస్తకంలో ఏ రకమో రాయాలి. పిల్లలకీ బక్కపలచని మనుషులకీ ఆ రకం తేల్చే రక్తపరీక్షలు కాకినాడలో ఉచితంగా జరగాలి. టైప్ 1 పిల్లలకి కేరళ "మిఠాయి" అనే పథకం పెట్టి ఉచితంగా చికిత్స ఇస్తోంది, మన రాష్ట్రమూ అలాంటిది పెట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ ఉన్నాయి, టైప్ 1 లేదు. చేర్చాలి. ఆశా అక్కలకీ టీచర్లకీ హాస్టల్ వార్డెన్లకీ ఈ తేడాలు నేర్పాలి.

సర్కారు చేసేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. ఏ పిల్లైనా ఉన్నట్టుండి చిక్కిపోతూ, అదేపనిగా నీళ్లు తాగుతూ, పక్క తడుపుతుంటే తాయెత్తు దగ్గరికి వెళ్లొద్దు. ఆ రోజే వేలికొస గుచ్చి షుగర్ చూపించండి. నిమిషం పని. ఈ పోస్టు చదవలేని అమ్మలకి ఆ ఒక్క ముక్కా చదివి వినిపించండి.

జై భీమ్.