గులాబీ రంగు ఖరీదు

మా వీధి చివరి సూపర్ మార్కెట్లో రేజర్లు రెండు చోట్ల ఉంటాయి. షేవింగ్ క్రీముల పక్కన నీలం, నలుపు రంగులవి. నాలుగు వరసల అవతల షాంపూల సరసన గులాబీ రంగువి. ఈమధ్య నీలం రేజరు ఒకటి బుట్టలో వేసుకోబోతుంటే అక్కడి కుర్రాడు మర్యాదగా అడ్డుపడ్డాడు: "లేడీస్‌వి అటున్నాయి మేడమ్." అదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండింటికీ రెండేసి బ్లేడ్లు. గులాబీ దాని పిడి కాస్త వంపు తిరిగి ఉంది, ధర ఎక్కువుంది. ఎందుకని అడిగితే నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "అది లేడీస్‌ది కదా మేడమ్!"

అతణ్ని అని లాభం లేదు. వందేళ్లకు పైగా మార్కెట్ చెబుతున్న జవాబే అది. మహిళల కోసమంటూ జిల్లెట్ కంపెనీ అమెరికాలో తొలి రేజరును అమ్మకానికి పెట్టింది 1915లో. చంకల్లో వెంట్రుకలు సిగ్గుపడాల్సిన విషయమని ప్రకటనలు నూరిపోసింది కూడా ఆ రోజుల్లోనే. ముందు సిగ్గును, ఆ తర్వాత సాధనాన్ని అంటగట్టడం అప్పటినుంచీ పనిచేస్తున్న సూత్రం. అన్నిసార్లూ పనిచేయదనుకోండి. బిక్ కంపెనీ 'ఫర్ హర్' పేరిట ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా బాల్‌పెన్నులు తెచ్చి 2012లో నవ్వులపాలైంది. ఇన్నేళ్లూ మగవాళ్ల పెన్నులతో ఎలా నెట్టుకొచ్చామో అంటూ మహిళలు అమెజాన్‌లో సమీక్షలు రాసి ఆటపట్టించారు.

నవ్వుకోవడం సరే, లెక్క సంగతేమిటి? న్యూయార్క్ నగర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆడ, మగ రకాలు విడివిడిగా ఉన్న దాదాపు 800 వస్తువుల ధరలను 2015లో పోల్చి చూసింది. ఆడవాళ్ల వస్తువుల ధర సగటున 7 శాతం ఎక్కువని తేలింది. సబ్బులు, షాంపూలు, రేజర్ల వంటి వాటిలోనైతే తేడా 13 శాతం. పిల్లల స్కూటర్ ఒకటి ఎరుపు రంగుదైతే 24.99 డాలర్లు, అదే గులాబీ రంగుదైతే 49.99 డాలర్లు. దీన్నే 'పింక్ ట్యాక్స్' అంటున్నారు. ఇలాంటి తేడాలను న్యూయార్క్ రాష్ట్రం 2020లో, కాలిఫోర్నియా 2023 నుంచి చట్టరీత్యా నిషేధించాయి.

అయితే ఈ లెక్కలో ఓ మెలిక ఉంది. అమెరికా దుకాణాల అమ్మకాల వివరాలను ఆర్థికవేత్తలు జల్లెడ పట్టిన అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. ఒకే కంపెనీ తయారుచేసిన, ఒకే రకం పదార్థాలున్న వస్తువులను పోలిస్తే ఆడవాళ్ల వాటికే ఎప్పుడూ ధర ఎక్కువన్నది నిజం కాదని అది తేల్చింది. చాలా వస్తువుల్లో పదార్థాలే వేరుగా ఉన్నాయట. అంటే పోల్చి చూసే వీలే మనకు పెద్దగా మిగల్లేదన్నమాట. అసలు కిటుకు ధరలో కన్నా విభజనలో ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకటి సరిపోయే చోట రెండు కొనిపించాలి. ఈ సూత్రానికి మగవాళ్లూ మినహాయింపు కాదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీని ఇంట్లో మగపిల్లలూ చాటుగా రాసుకునేవారు. 2005లో ఇమామీ సంస్థ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. మగాడివై ఉండి ఆడవాళ్ల క్రీము రాసుకుంటావా అన్నదే దాని ప్రచార సారం. తెల్లబడాలన్న యావ ఒక్కటే, డబ్బాలు మాత్రం రెండయ్యాయి. మొదటి క్రీము 2020లో పేరులోంచి 'ఫెయిర్'ను తీసేసింది. అద్దం ముందు బెంగ మాత్రం అలాగే ఉంది.

ఆడవాళ్లకు ఏది అవసరమో నిర్ణయించడంలో ప్రభుత్వం కూడా మార్కెట్‌కు తీసిపోలేదు. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు కుంకుమ, బొట్టుబిళ్లలు, మట్టి గాజులకు పన్ను లేదు. శానిటరీ నాప్‌కిన్లకు మాత్రం 12 శాతం వేశారు. ముత్తయిదువతనానికి మినహాయింపు, నెలసరికి పన్ను! ఏడాది పాటు నిరసనలు వెల్లువెత్తాక 2018 జులైలో గానీ దాన్ని ఎత్తేయలేదు.

ఆడవాళ్ల కోసం వేరే వస్తువు అక్కర్లేదని కాదు. 1990లలో వచ్చిన స్కూటీనే చూడండి. బరువు తక్కువ, గేర్లు లేవు, కాళ్లు నేలకు ఆనతాయి. అన్న బండి వెనక కూర్చుని కాలేజీకి వెళ్లే అమ్మాయిలు సొంతంగా రోడ్డెక్కారు. మన ఊళ్లలో గేర్లు లేని ప్రతి బండినీ స్కూటీ అనేంతగా ఆ పేరు స్థిరపడింది. అది తీర్చింది నిజమైన అవసరాన్ని.

అలాంటి నిజమైన అవసరాల దగ్గరికొచ్చేసరికే మార్కెట్‌కు చూపు ఆనదు. వరి నాటేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా మహిళలే. వ్యవసాయ పనిముట్లు మాత్రం చాలావరకు మగవాడి ఒడ్డూపొడుగుకు తగ్గట్టే తయారవుతూ వచ్చాయి. మహిళల ఎత్తు, పట్టు కొలిచి పనిముట్లను మార్చే పనిని 1996లో భువనేశ్వర్‌లో ఏర్పాటైన ప్రభుత్వ పరిశోధన సంస్థ నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. ఆడకూలీ నడుం నొప్పికి టీవీలో ప్రకటనేదీ? అంతెందుకు, ఇద్దరు మహిళలు 2019 మార్చిలో కలిసి చేయాల్సిన అంతరిక్ష నడకను నాసా మార్చుకుంది. వాళ్ల కొలతకు సరిపోయే సూటు ఒక్కటే సిద్ధంగా ఉండటమే కారణం. తేడా లేని చోట రంగులద్ది తేడా సృష్టిస్తారు. తేడా ఉన్న చోట అందరికీ మగవాడి కొలతే.

మన దేశంలో పింక్ ట్యాక్స్‌ను నిషేధించే ప్రత్యేక చట్టం లేదు. కాకపోతే ప్యాకెట్ల మీద గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంత పడుతుందో ముద్రించాలని 2021లో నిబంధనలు సవరించారు. చిన్న అక్షరాలే గానీ పనికొస్తాయి. వాటికన్నా ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'ఆడవాళ్ల కోసం ప్రత్యేకం' అంటున్న దీంట్లో మారింది వస్తువా, రంగా?

అన్నట్టు, నేను నీలం రేజరే కొన్నాను. నేను ఆడదాన్నని దానికింకా తెలిసినట్టు లేదు, బాగానే తెగుతోంది.