పొన్నంకి పిట్ట దిగిన చోట

విశాఖ తీరంలోని ఒక పార్కులో మొన్న తెల్లవారుతుండగా పొన్నంకి పిట్ట కంటపడింది. బాదం చెట్టు కింద ఎండుటాకులను ముక్కుతో ఒక్కొక్కటే తిరగేస్తూ పురుగులు ఏరుకుంటోంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలి మెరుపు, కంటి మీదుగా కాటుక గీసినట్టు నల్లచార, మొండితోక కింద కుంకుమ ఎరుపు. ఇన్ని రంగులున్నాయనే హిందీవారు దీన్ని నవరంగ్ అంటారు. పొద్దునా సాయంత్రం ఆరింటి వేళ ఈల వేస్తుందని తమిళులు ఆరుమణి కురువి అని పిలుచుకుంటారు. శాస్త్రలోకం మాత్రం మన మాటే తీసుకుంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియో ఈ ప్రజాతికి పెట్టిన పేరు 'పిట్టా'. అది మన తెలుగు పిట్టే. అయినా మనలో దాన్ని చూసినవారెందరు?

హిమాలయ పాదాల్లో, మధ్య భారత అడవుల్లో వానాకాలం పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వస్తుంది. ప్రయాణం రాత్రిపూటే. దారి తప్పి, అలసి, ఇళ్ల వరండాల్లో సొమ్మసిల్లి పడే పిట్టలూ ఉంటాయి. అలా దొరికితే పంజరంలో పెట్టకండి. గాలాడే అట్టపెట్టెలో, చీకట్లో కాసేపు ఉంచి, తేరుకున్నాక చెట్ల దగ్గర వదలండి.

దిగిన చోట దానికి కావలసింది పొదల నీడ, నేల మీద ఆకుల పరుపు. మనం ఆ ఆకులనే ఊడ్చి తగలబెడుతున్నాం. నగరపాలక సంస్థ ప్రతి తీర పార్కులోనూ ఒక మూలను చీపురు తగలకుండా వదిలేయాలి. ఈ వలస కాలం నుంచే.