ఫోన్ లాక్కుంటామంటే పిల్లలు నోరు విప్పరు

“మీరు గట్టిగా చెప్పండి మాస్టారూ, ఫోన్ ముట్టుకుంటే వీపు చీరేస్తామని.” పేరెంట్స్ మీటింగ్‌లో తండ్రుల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఆంధ్రాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. గట్టిగా చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. కానీ ఆ మాట వింటూ పక్కనే వాళ్లమ్మాయి నిలబడి ఉంటుంది. రేపు ఎవడో ఆమె ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తే ఇంట్లో ఎందుకు చెప్తుంది? చెప్తే ఫోన్ పోతుంది, తిట్లు పడతాయి. ఆడపిల్లకు అంతటితో ఆగదు, చదువు మాన్పించి సంబంధాలు చూడటం మొదలెడతారు.

బెదిరించేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. ఫ్రీ ఫైర్ గేమ్‌లో డైమండ్లు ఇప్పిస్తాననో, ఇన్‌స్టాగ్రామ్‌లో “నేనూ టెన్త్ క్లాసే” అనో పరిచయం మొదలవుతుంది. నాలుగు రోజులకు మాటలు టెలిగ్రామ్‌లోకి మారతాయి. ఒక ఫొటో అడుగుతాడు. అది చేతికి చిక్కగానే గొంతు మారుతుంది. డబ్బులు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే మీ నాన్నకి పంపిస్తా. ఆ చివరి ముక్క గమనించండి. వాడి బేరమంతా నాన్న కోపం మీదే నడుస్తోంది.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఒక మాట ఇవ్వాలి. “ఏం జరిగినా మాకు చెప్పు. ఫోన్ లాక్కోం, చదువు మాన్పించం.” ఇది మెతకదనం అంటారు కొందరు. మరి గట్టిగా వేసిన తాళాలు ఏమయ్యాయో చూశాం కదా. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వ ట్యాబులు వచ్చాయి, పాఠాలు తప్ప వేరేవి పడకుండా కట్టుదిట్టం చేసి మరీ. ఆ తాళం తీసే కిటుకు పట్టుకోవడానికి మా పిల్లలకు ఎంతో కాలం పట్టలేదు. ఆ తెలివి చూసి లోలోపల కాస్త ముచ్చటపడ్డాను కూడా.

తెలివి ఉంది, జాగ్రత్తే రాలేదు. పల్లెటూళ్లలో చేసిన 2024 అసర్ విద్యా సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో ముందు వారం సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం, చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా చూసేవాళ్లలో ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతమే. మిగతావాళ్లు వీధి తలుపు బార్లా తీసి పడుకుంటున్నట్టే లెక్క.

పిల్ల ధైర్యం చేసి చెప్పిందనుకుందాం. అప్పుడు పెద్దవాళ్లు కంగారులో చేసే పనులు కేసునే చెడగొడతాయి. చాట్ మొత్తం డిలీట్ చేస్తారు, లేదా పరువు పోతుందని వాడడిగిన డబ్బు పంపేస్తారు. డబ్బు అందితే వాడు మళ్లీ అడుగుతాడు. బెదిరింపు మెసేజ్‌లు, ప్రొఫైల్ పేరు, నంబరు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. ఆ ఫొటోను మాత్రం “చూడండి సార్” అంటూ మాకు గానీ, బంధువులకు గానీ ఫార్వర్డ్ చేయకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలు పంపడమే కాదు, దాచుకోవడమూ పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇచ్చే వీలుంది. “టేక్ ఇట్ డౌన్” అని ఉచిత సేవ ఒకటుంది. అందులో ఫొటో మన ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. ఆ గుర్తుతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫొటోను వెతికి తీసేస్తాయి.

ఇక బడి సంగతి. ఇలాంటిది తెలిశాక “స్కూలు పేరు పాడవుతుంది, మనలో మనం చూసుకుందాం” అనే పెద్దమనుషులు ప్రతిచోటా ఉంటారు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. ఆ రాజీ బేరాలకు హెడ్మాస్టరు ఒప్పుకున్నారంటే తనే ఇరుక్కుంటారు.

అంతకుముందు మనం మానుకోవాల్సినవీ ఉన్నాయి. క్లాసు వాట్సాప్ గ్రూపులో నలభై మంది తల్లుల నంబర్లు అందరికీ కనిపిస్తుంటాయి. ఎవడి చేతిలో ఏ ఫోన్ ఉందో ఎవరికి తెలుసు? స్పోర్ట్స్ డే ఫొటోలు పేరు, తరగతి, ఊరితో సహా ఫేస్‌బుక్‌లో పెడతాం. ర్యాంకుల ఫ్లెక్సీల గురించి చెప్పక్కర్లేదు. హోంవర్క్ బోర్డు మీద రాస్తే పోయేదానికి రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో పెడతాం, ఆ వంకతో ఫోన్ పిల్ల చేతికి వెళుతుంది. పొద్దున మళ్లీ ఫోన్ చూడొద్దని మనమే క్లాసు పీకుతాం.

పూర్తిగా నిషేధిస్తే పోదా అని అడుగుతున్నారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేవు. మన దగ్గర ఇంటికో ఫోన్, అది నాన్న పేరు మీద, వాడేది నలుగురు. వయసు ఎవరిదని లెక్కేస్తారు? మన 2023 డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మంచిదే. కానీ మా వైపు చాలా ఇళ్లలో అమ్మ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చదివిపెట్టేది కూడా ఆ పిల్లాడే.

అందుకే ఈసారి మీటింగ్‌కి తల్లిదండ్రులను ఫోన్లు తెచ్చుకోమని అడుగుతున్నాను. పిల్లలే పక్కన కూర్చుని అమ్మకి చూపించాలి, ఇన్‌స్టాగ్రామ్ ప్రైవేట్‌గా మార్చడం ఎలాగో, తెలియనివాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో చేర్చకుండా ఆపడం ఎలాగో. తండ్రులు చేయాల్సింది ఒక్కటే. “ఫోన్ లాక్కోం” అన్న ఆ మాటను పిల్లల ఎదుట, నా ఎదుట పైకి అనాలి.